నడవమంటారు సరే, కూర్చోనిచ్చేదెవరు? పల్నాడు కూలి తల్లుల తిండి, పని, విశ్రాంతి

గర్భిణులకు జాగ్రత్తలు అంటూ వచ్చే ఏ కరపత్రం తీసుకున్నా రెండు మాటలు తప్పకుండా ఉంటాయి. మంచి తిండి తినండి, రోజూ కాసేపు నడవండి. రెండూ సైన్సు ఒప్పుకున్న మాటలే. అయితే ఆ కరపత్రం ఎవరిని ఊహించుకుని రాశారన్నది అడగాల్సిన ప్రశ్న. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం పండు, రాత్రి పాలు అందుబాటులో ఉండి, రోజంతా కుర్చీలోనో సోఫాలోనో కూర్చునే మనిషిని ఊహించుకుని రాసిన మాటలవి. తెల్లారకముందే ఆటో ఎక్కి మిరప కోతకు పోయే మనిషి అందులో కనపడదు.

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వైపు పోతుంటే ఎత్తిపోతల వస్తుంది. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు. సెలవు రోజుల్లో జలపాతం చూడటానికి దూరాల నుంచి జనం వస్తారు. చుట్టుపక్కల చేలల్లో కలుపు తీసేవాళ్లు, పత్తి తీసేవాళ్లు, మిరపకాయలు కోసేవాళ్లు మాత్రం ఎవరి కెమెరాలోనూ పడరు. మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి, సుగాలి తండాల నుంచి వచ్చే ఈ ఆడకూలీల్లో ఏ రోజైనా నెల తప్పినవాళ్లు ఉంటారు, నెలలు నిండినవాళ్లూ ఉంటారు. వాళ్ల విషయంలో 'తిండి', 'వ్యాయామం' అన్న మాటలకు అర్థం ఏమిటి? ఈ వ్యాసం ఆ లెక్క చూడటానికే.

లెక్క ఎక్కడ తప్పుతోంది

ముందు అంకెలు చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో భారతీయులకు ఎంత తిండి కావాలో కొత్త లెక్కలు ఇచ్చింది. 55 కిలోల బరువున్న స్త్రీని ప్రమాణంగా తీసుకుంటే, కూర్చుని చేసే పనికి రోజుకు 1,660 కిలో క్యాలరీలు చాలు. మధ్యరకం శ్రమకు 2,130 కావాలి. బరువు పనికి 2,720 కావాలి. గర్భంతో ఉంటే వీటికి అదనంగా మరో 350 కలపాలి.

మనకు ప్రచారంలో వినపడేది ఆ చివరి 350 ఒక్కటే. 'ఇద్దరి తిండి తినాల్సిన పనిలేదు, కొంచెం ఎక్కువ తింటే చాలు' అంటారు. ఆఫీసులో కూర్చునే గర్భిణికి 1,660కి 350 కలిపితే సుమారు 2,010. పొలంలో బరువు పని చేసే గర్భిణికి 2,720కి 350 కలిపితే 3,070. ఇద్దరి మధ్య తేడా వెయ్యికి పైనే. ఆ తేడా బిడ్డ వల్ల వచ్చింది కాదు, పని వల్ల వచ్చింది.

ఇప్పుడు ఒక కూలి ఇంట్లో నిజంగానే బాగా తిన్న రోజును ఊహించుకుందాం. బియ్యం 400 గ్రాములు, కందిపప్పు 60 గ్రాములు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు వేరుశనగ పలుకులు, 50 గ్రాముల రాగి పిండితో జావ, చిన్న బెల్లం ముక్క, ఆకుకూర, కూరగాయలు, నాలుగైదు చెంచాల నూనె. ఇవన్నీ కలిపితే సుమారు 2,500 కిలో క్యాలరీలు. గొడ్డుకారం అన్నంతో, పచ్చడి మెతుకులతో గడిచే రోజులతో పోలిస్తే ఇది పండగ భోజనం. అయినా బరువు పని చేసే గర్భిణికి ఇంకా 500కు పైగా తక్కువే. ఆ తక్కువ ఎక్కడి నుంచి వస్తుంది? ముందు తల్లి ఒంట్లో నుంచి వస్తుంది, ఆ తర్వాత బిడ్డ బరువులో నుంచి వస్తుంది.

ఇదే లెక్కను రెండో వైపు నుంచి చూడండి. బరువు పనికీ మధ్యరకం పనికీ తేడా 590 కిలో క్యాలరీలు. ఆహార భద్రతా చట్టం గర్భిణికి అంగన్‌వాడీ ద్వారా ఇవ్వమన్నది రోజుకు 600 కిలో క్యాలరీలు, 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు. అంటే ప్రభుత్వం ఒక చేత్తో పెట్టిన తిండిని చేలో పని రెండో చేత్తో లాగేసుకుంటోంది. పోషకాహారాన్నీ పని పరిస్థితులనూ వేరువేరు శాఖల విషయాలుగా చూసినంత కాలం ఈ లెక్క తెగదు. కూలి తల్లికి పని బరువు తగ్గించడం కూడా తిండి పెట్టడమే.

ఒంట్లో రక్తం సంగతి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019–21లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని అందులో తేలింది. గర్భిణుల్లో అది 53.7 శాతం. దేశం మొత్తం మీద గర్భిణుల్లో 52.2 శాతం. సగానికి పైగా తల్లులు రక్తం తక్కువగానే బిడ్డను మోస్తున్నారు.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములు, ఆపైన ఉండాలి. 10 నుంచి 10.9 వరకు ఉంటే స్వల్ప రక్తహీనత, 7 నుంచి 9.9 వరకు ఓ మోస్తరు, 7కు దిగితే తీవ్రం. పురిటిలో అందరికీ కొంత రక్తం పోతుంది. రక్తం బాగా ఉన్న మనిషి దాన్ని తట్టుకుంటుంది. 6, 7 గ్రాములతో పురిటికి వెళ్లిన తల్లికి అదే ప్రాణం మీదికి వస్తుంది. బిడ్డ నెల తక్కువగా పుట్టడం, రెండున్నర కిలోలకు తక్కువ బరువుతో పుట్టడం కూడా రక్తహీనతతో ముడిపడినవే.

రక్తహీనత ఎందుకొస్తుంది అంటే 'ఆకుకూరలు తినకపోవడం వల్ల' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు కారణాలు కనీసం నాలుగు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉన్న తిండి అందకపోవడం ఒకటి. తిన్న ఇనుము ఒంటికి పట్టకపోవడం రెండు. ఆకలి చంపుకోవడానికి చేలో రెండు మూడుసార్లు తాగే టీ ఇనుమును పట్టనివ్వదు. మూడోది కొంకిపురుగులు. చెప్పులు లేని పాదాల గుండా మట్టిలో నుంచి ఒంట్లోకి చేరి, పేగుల్లో కూర్చుని రక్తం తాగే పురుగులివి. ఊరి వీధిలో చెప్పులేసుకుని నడిస్తేనే తప్పుగా చూసిన చరిత్ర ఉన్నచోట, ఉత్త కాళ్లతో పనిచేయడం ఒక్కటే అలవాటుగా మిగిలినచోట, ఈ పురుగును ఆరోగ్య సమస్యగా మాత్రమే చూడలేం. నాలుగోది చిన్న వయసు పెళ్లి, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం లేకపోవడం. పోయిన రక్తం తిరిగి రాకముందే ఇంకో బిడ్డ కడుపున పడుతుంది.

అందుకే ప్రభుత్వ కార్యక్రమంలో కూడా మాత్రలు ఒకటి కాదు, మూడు రకాలు. రోజుకొక ఎర్ర మాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పు తర్వాత మళ్లీ 180 రోజులు వేసుకోవాలి. రక్తహీనత ఉన్నట్టు తేలితే డాక్టరు సలహా మీద రోజుకు రెండు. కాల్షియం మాత్రలు పూటకొకటి చొప్పున రోజుకు రెండు. నులిపురుగుల కోసం ఆల్బెండజోల్ మాత్ర, మొదటి మూడు నెలలు దాటాక ఒకసారి.

మాత్ర ఇచ్చేశాం అని రిజిస్టరులో టిక్కు పెట్టుకుంటే పని అయిపోదు. దాన్ని ఎలా వేసుకోవాలో చెప్పాలి. ఇనుము మాత్రనూ కాల్షియం మాత్రనూ కలిపి వేసుకోకూడదు, కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. ఇనుము మాత్రకు ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ వద్దు. నిమ్మకాయ నీళ్లతోనో, జామకాయ తిన్నాకనో వేసుకుంటే బాగా పడుతుంది. కడుపులో తిప్పుతుంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకుని పడుకోవాలి. విరేచనం నల్లగా అవుతుంది. అది పట్టకుండా మిగిలిన ఇనుము, భయపడాల్సింది కాదు. మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్న మాటలో నిజం లేదు. నలుపంటే తక్కువ అని నేర్పిన సమాజం ఆ భయాన్ని కూడా నేర్పింది, అంతే. మాత్రలతో రక్తం పెరగకపోతే, నెలలు దగ్గరపడుతుంటే, నరం ద్వారా ఇనుము ఎక్కించే చికిత్స ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంది. దాన్ని అడగాలి.

పళ్లెంలో ఏముండాలి

మంచి తిండి అనగానే యాపిల్, దానిమ్మ, బాదం, కుంకుమపువ్వు బొమ్మలు చూపిస్తారు. కొనలేని తిండిని మంచి తిండిగా చూపించడం వల్ల జరిగే నష్టం రెండు రకాలు. పేద తల్లికి తనకు మంచి తిండి సాధ్యం కాదనిపిస్తుంది. అందుబాటులో ఉన్న మంచి తిండి విలువ తగ్గిపోతుంది.

కుంకుమపువ్వు బిడ్డ రంగును మార్చదు. పక్క దొడ్లో మునగాకు మాత్రం ఇనుమూ కాల్షియమూ రెండూ ఇస్తుంది. తోటకూర, గోంగూర, పొన్నగంటి కూర, గట్ల మీద మొలిచే పాయలకూర, వేరుశనగ, నువ్వులు, బెల్లం అన్నీ ఈ నేల మీద పండేవే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పిసరంత కూడా ఉండదు. సాగర్ కుడి కాలువ నీళ్లు వచ్చాక పల్నాడులో వరి, పత్తి, మిరప పెరిగాయి, జొన్న, సజ్జ తగ్గాయి. నీళ్లు రావడం మంచిదే. కానీ మెట్ట పంటలు పోయినచోట ఇనుము, పీచు ఉన్న తిండి కూడా కూలి ఇంటి కుండలో నుంచి పోయింది. చేలో పండే మిరప డబ్బు తెస్తుంది, ఆ డబ్బు పొలం ఉన్నవాళ్లకు తెస్తుంది. కూలికి మిగిలేది కోటా బియ్యమూ కారమూ.

మాంసకృత్తుల లెక్క ఇంకా ముఖ్యం. 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాములు కావాలి. నాలుగో నెల నుంచి మరో 9.5 గ్రాములు, ఏడో నెల నుంచి 22 గ్రాములు అదనం. అంటే చివరి మూడు నెలల్లో దాదాపు 68 గ్రాములు. పైన చెప్పిన 'బాగా తిన్న రోజు' భోజనంలో అన్నం నుంచి సుమారు 30, పప్పు నుంచి 13, గుడ్డు నుంచి 6, పాల నుంచి 6, వేరుశనగ నుంచి 7, రాగుల నుంచి 3 గ్రాముల దాకా వస్తాయి. మొత్తం 65. ఆ కొరత తీరాలంటే, రక్తం కూడా పట్టాలంటే, చేపో మాంసమో తోడవ్వాలి.

ఇక్కడ ఒక విషయం మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. మాంసంలో, కార్జంలో, నెత్తురులో ఉండే ఇనుము ఆకుకూరలోని ఇనుము కన్నా ఎన్నో రెట్లు సులువుగా ఒంటికి పడుతుంది. బి12 మొక్కల నుంచి దొరకదు, జంతువుల నుంచి వచ్చే తిండిలోనే ఉంటుంది. దళితుల ఇళ్లలో తరతరాలుగా తిన్న పెద్దకూర, ఎండుచేపలు, నల్ల, పేగులు అన్నీ పోషకాహార శాస్త్రం మెచ్చుకునే తిండి. వాటిని నీచంగా చూడటం నేర్పింది కులం. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసినప్పుడు జరిగిన గొడవ తిండి చుట్టూ ఉన్న ఆ అధికారం గురించే. పోషకాహార ప్రచారంలో పాలు, నెయ్యి, పండ్లు మాత్రమే పవిత్రంగా కనపడి, మాంసం మాట రాకపోతే, ఆ ప్రచారం కూడా ఒక కులం వంటింట్లో నుంచి వచ్చిందే. చట్టం ఒప్పుకునే మేరకు దొరికే మాంసం బాగా ఉడికించి తినడం గర్భిణికి మేలు. వారానికి రెండు మూడుసార్లు 50 గ్రాములైనా చాలు. కార్జం మాత్రం తరచూ వద్దు, మొదటి మూడు నెలల్లో అసలే వద్దు. అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ.

పల్లెల్లో ఇంకా వినపడే మాట ఇంకొకటి ఉంది. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని తిండి తగ్గిస్తారు. ఆసుపత్రి లేని రోజుల్లో పుట్టిన భయం అది. తిండి తగ్గిస్తే బిడ్డ సన్నబడటం కన్నా ముందు తల్లి నీరసించిపోతుంది, పురిటి శ్రమకు తట్టుకోలేదు. తొమ్మిది నెలల్లో సగటున 10 నుంచి 12 కిలోల బరువు పెరగాలి. ముందే బక్కగా ఉన్నవాళ్లు ఇంకొంచెం ఎక్కువే పెరగాలి. వేవిళ్లతో తినలేని నెలల్లో కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినడం ఉపాయం. కానీ చేలో పనిచేసే మనిషికి నాలుగైదుసార్లు తినే వీలు ఎవరు ఇవ్వాలి? తిండి సలహా అనుకున్నది మళ్లీ పని హక్కు దగ్గరికే వచ్చింది.

వ్యాయామమా, విశ్రాంతా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఏ ఇబ్బందీ లేని గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యరకం శారీరక శ్రమ చేయాలి. అంటే వారంలో ఐదు రోజులు అరగంట నడక. దీనివల్ల రక్తపోటు, మధుమేహం వచ్చే అవకాశం తగ్గుతుంది. ఇది మన పిల్లలకూ వర్తిస్తుంది. చదువుకుని షాపుల్లో, ఆఫీసుల్లో, కుట్టు మిషన్ల దగ్గర కూర్చుని పనిచేస్తున్న దళిత యువతులు నడవాలి. నడిచేటప్పుడు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట ఆడనంత ఆయాసం వస్తే తగ్గించాలి.

కానీ ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా వంగి మిరపకాయలు కోసే మనిషికి ఆ 150 నిమిషాలు ఒక్క పూటలోనే అయిపోతాయి. ఆమెకు లోటు ఉన్నది నడకలో కాదు, కూర్చోవడంలో. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 సంవత్సరంలో చేసిన 191వ సిఫారసు గర్భిణులను కాపాడాల్సిన పనుల జాబితా ఇచ్చింది. బరువులు ఎత్తడం, మోయడం, లాగడం. రసాయనాల మధ్య పని. ఎక్కువసేపు నిలబడటం లేదా కూర్చోవడం. విపరీతమైన ఎండ, చలి. ఆ జాబితాను మిరప చేను గట్టు మీద నిలబడి చదివితే ఒక్కటీ మినహాయింపు కనపడదు. ఆ సిఫారసుతో పాటు వచ్చిన 183వ ఒప్పందాన్ని భారతదేశం ఇప్పటికీ ఆమోదించలేదు.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. వేసవి వార్తల్లో ఏటా వినపడే రెంటచింతల మన పల్నాడులోదే. పశ్చిమాఫ్రికాలోని గాంబియాలో పొలం పనిచేసే 92 మంది గర్భిణులను గమనించి 2022లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒంటి మీద పడే వేడి ఒత్తిడి ఒక్క డిగ్రీ పెరిగితే కడుపులో బిడ్డ ఇబ్బంది పడే అవకాశం 17 శాతం పెరిగిందని అందులో తేలింది. తమిళనాడులో 800 మంది గర్భిణుల మీద జరిగిన అధ్యయనం 2024లో వచ్చింది. ఎండవేడిలో పనిచేసే తల్లులకు గర్భం పోవడం, బిడ్డ చనిపోయి పుట్టడం వంటి ముప్పు రెట్టింపు ఉందని అది చెప్పింది.

చేలో మరుగుదొడ్డి ఉండదు. అందుకని ఆడవాళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తారు. నీళ్లు తగ్గితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, దానివల్ల నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. ఇది అలవాటు లోపం కాదు, చాటు లేకపోవడం.

పని మానలేని తల్లులు, వాళ్లతో పనిచేసే ముఠాలు పాటించగలిగినవి కొన్ని ఉన్నాయి.

మిరప టిక్కీలు, నీళ్ల బిందెలు, పత్తి మూటలు ఎత్తే పని నెల తప్పినప్పటి నుంచే మిగతావాళ్లు పంచుకోవాలి. మందు కొట్టిన చేలోకి గర్భిణి దిగకూడదు, మందు నీళ్లు కలపకూడదు, ఆ బట్టలు ఉతకకూడదు. కోత తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టుకోకూడదు. వంగి చేసే పనిలో గంటకొకసారి పది నిమిషాలు నీడన కూర్చోవాలి. తొడిమలు తీసే పనైతే నేల మీద కాకుండా పీట మీద, నడుముకు ఆనుకుని కూర్చోవాలి. దాహం వేయకముందే నీళ్లు తాగాలి, మజ్జిగ, గంజి దగ్గర ఉంచుకోవాలి. ఎండాకాలంలో పదకొండు తర్వాత చేలో ఉండకూడదు. మధ్యాహ్నం కనీసం గంటసేపు ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. ఏడో నెల తర్వాత వెల్లకిలా ఎక్కువసేపు పడుకోవడం మంచిది కాదు.

రక్తం కనపడినా, ఉమ్మనీరు పోయినా, తలనొప్పితో చూపు మసకబారినా, ముఖం, చేతులు వాచినా, ఫిట్స్ వచ్చినా, జ్వరం తగలినా, బిడ్డ కదలిక తగ్గినా పని అక్కడికక్కడే ఆపేసి 108కి ఫోన్ చేయాలి. సాయంత్రం దాకా చూద్దాం అనుకోకూడదు.

ఆఖరి పళ్లెం, మొదటి పంక్తి

ఇంట్లో వంట చేసిన మనిషే ఆఖరున తింటుంది. మొగుడు, పిల్లలు, అత్తమామలు తిన్నాక గిన్నె అడుగున మిగిలింది ఆమెది. అందువల్ల గర్భిణి పేరు మీద ఇంటికి వచ్చిన సరుకులు ఇల్లంతటికీ పంచబడతాయి. అంగన్‌వాడీలో వేడిగా వండి అక్కడే కూర్చోబెట్టి పెట్టే పూట భోజనం అందుకే విలువైంది. ఆ పూట ఆమె తిండి ఆమె కడుపులోకే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం అమృత హస్తం, అన్న అమృత హస్తం, సంపూర్ణ పోషణ అంటూ ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మార్చుకుంది. 2023 నుంచి వండి పెట్టడానికి బదులు సరుకులు ఇంటికే ఇవ్వడం మొదలైంది. పొద్దున్నే చేలోకి పోయే తల్లికి మధ్యాహ్నం అంగన్‌వాడీకి రావడం కుదరదు, ఆమెకు సరుకులే మేలు. ఇంట్లో ఆఖరున తినే తల్లికి వండి పెట్టడమే మేలు. ఏది కావాలో ఎంచుకునే హక్కు తల్లికే ఉండాలి.

వండి పెట్టడానికి ఇంకో అర్థం కూడా ఉంది. పల్నాటి చరిత్రలో బ్రహ్మనాయుడి చాపకూడు గురించి మనందరికీ తెలుసు. అన్ని కులాలనూ ఒక చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన సంప్రదాయంగా దాన్ని కారెంపూడి తిరునాళ్లలో ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. మాల కన్నమదాసును సేనానిగా చెప్పుకునే కథ అది. ఆ నేల మీదే అంగన్‌వాడీ ఊళ్లో ఉంటే పల్లె తల్లి వెళ్లడానికి జంకడం, పల్లెలో ఉంటే ఊరి తల్లి రాకపోవడం రెండూ ఉన్నాయి. కులాన్ని బట్టి దూరంగా కూర్చోబెట్టడం, పై నుంచి వడ్డించడం ఎక్కడ జరిగినా అది రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసిన అంటరానితనమే. ఆసుపత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి రానివ్వకపోవడం 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద నేరం.

ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004లో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నింటికీ అంగన్‌వాడీలు ఇవ్వాలని చెప్పింది. 2006 డిసెంబర్ 13న ఇచ్చిన ఉత్తర్వులో, ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని ఆవాసం అడిగితే మూడు నెలల్లో కేంద్రం పెట్టాలంది. తండాలకూ కొత్త కాలనీలకూ ఈ ఉత్తర్వు చేతిలో ఉన్న ఆయుధం.

విశ్రాంతికి ఖరీదు ఎవరు కట్టాలి

2013 ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృ వందన యోజన మొదటి కాన్పుకు 5,000 ఇస్తోంది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. చట్టం 'ప్రతి గర్భిణి' అంటే పథకం 'మొదటి బిడ్డ' అంది. 5,000ను తొమ్మిది నెలలకు పంచితే రోజుకు 18 రూపాయల 50 పైసలు. ఒక కూలి రోజును మానుకునే ధైర్యం ఏ తల్లికీ దీంతో రాదు. పక్కనున్న తమిళనాడులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పథకం కింద నగదు, పోషకాహార కిట్లు కలిపి 18,000 ఇస్తున్నారు. అదీ చాలదు గానీ, దారి ఉందని చూపిస్తుంది.

నెలజీతం ఉద్యోగినికి 26 వారాల వేతనంతో కూడిన సెలవు ఉంది. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి ఇచ్చిన ఈ హక్కు ఇప్పుడు 2020 సామాజిక భద్రతా స్మృతిలో భాగం. పొలం కూలి అందులో లేదు. అయితే ఫ్యాక్టరీగా నడిచే జిన్నింగ్ మిల్లులు, పది మంది పైన పనిచేసే గోదాములు, కోల్డ్ స్టోరేజీల పరిస్థితి వేరు. ఏడాదిలో 80 రోజులు పనిచేసిన స్త్రీ అక్కడ ఈ హక్కు అడగవచ్చు. కాంట్రాక్టు ముఠా పేరుతో హాజరు పట్టీలో పేరు లేకుండా చేయడమే ఈ హక్కును తప్పించే పద్ధతి. కాబట్టి మొదటి పోరాటం హాజరు పట్టీ కోసం.

డాక్టర్ అంబేద్కర్ 1928 జూలైలో బొంబాయి శాసన మండలిలో ఫ్యాక్టరీ స్త్రీల ప్రసూతి బిల్లును సమర్థిస్తూ మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ భారంలో ఎక్కువ వంతు ప్రభుత్వం మోయాలని, ఆమె శ్రమతో లాభపడే యజమాని కూడా తన వంతు భరించాలని వాదించారు. మరుసటి ఏడాది బొంబాయిలో చట్టం వచ్చింది. దాదాపు వందేళ్ల తర్వాత ఆ వాదన చేలోకి ఇంకా అడుగుపెట్టలేదు. మిరప పంటతో లాభపడేవాళ్లు రైతు, కమీషన్ వ్యాపారి, ఎగుమతిదారు, పన్ను తీసుకునే ప్రభుత్వం. వీళ్లలో ఎవరూ కోసిన చేతుల గర్భానికి ఒక్క రూపాయి బాధ్యులు కారు. భవన నిర్మాణ కార్మికులకు సెస్సుతో సంక్షేమ నిధి ఉన్నట్టే, మార్కెట్ యార్డులో మిరప, పత్తి మీద వసూలు చేసే సెస్సులో కొంత భాగం ఆడకూలీల ప్రసూతి నిధికి ఎందుకు పోకూడదన్నది పల్నాడు నుంచి లేవనెత్తదగ్గ ప్రశ్న.

కార్యకర్తలు, విద్యార్థులు చేయగలిగింది

ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదిక ప్రకారం మన దేశంలో దళిత స్త్రీలు చనిపోయేనాటి సగటు వయసు 39.5 ఏళ్లు, పై కులాల స్త్రీలది 54.1. దాదాపు పదిహేనేళ్ల తేడా. ఇది ఏదో ఒక రోగం వల్ల వచ్చిన తేడా కాదు, కడుపులో ఉన్నప్పటి నుంచి పోగుపడిన తేడా. దాన్ని తగ్గించే పని పల్లె స్థాయిలోనే మొదలవ్వాలి.

మీ పల్లెలో, తండాలో గర్భిణులు ఎంతమందో, వాళ్లలో తల్లీబిడ్డల కార్డు ఎవరికి ఉందో, చివరిసారి రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఎంత వచ్చిందో ఆశా కార్యకర్తతో కలిసి రాసుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్షలు ఉంటాయి. ఆ రోజు కూలి పోకుండా ముఠా మేస్త్రితో మాట్లాడండి. కోతల కాలంలో వలస వచ్చిన తల్లుల పేర్లు దగ్గరి అంగన్‌వాడీలో రాయించండి. ఊరు కాదని వెనక్కి పంపే అధికారం ఎవరికీ లేదు. ఆధార్ కుదరలేదనో, 2025 జూలై నుంచి తప్పనిసరి చేసిన ముఖ గుర్తింపు పడలేదనో సరుకులు ఆపితే రాతపూర్వకంగా కారణం అడగండి. ఆసుపత్రిలో కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకల బండి అన్నీ 2011 నుంచి జననీ శిశు సురక్ష కింద ఉచితం. ఎక్కడైనా డబ్బు అడిగితే ఫిర్యాదు చేయండి.

ముఠా కూలి మాట్లాడుకునేటప్పుడే నాలుగు షరతులు పెట్టండి. గర్భిణికి బరువు పని ఉండకూడదు. మందు కొట్టిన చేలో పని ఉండకూడదు. గంటకు పది నిమిషాల విరామానికి కూలి కోయకూడదు. గట్టు మీద నీళ్లు, నీడ, చాటు ఉండాలి. ఈ నాలుగింటికీ ఏ శాస్త్రవేత్తా రానక్కర్లేదు, ఏ పథకమూ మంజూరు కానక్కర్లేదు. పదిమంది కూలీలు ఒక్క మాట మీద ఉంటే చాలు.

ఉపాధి హామీ పనుల్లో గర్భిణులకు, బాలింతలకు ఇంటి దగ్గర తేలిక పనులు చూపించాలని మార్గదర్శకాల్లో ఎప్పుడో రాశారు. కాగితం మీద ఒప్పుకున్నది చేలో కూడా ఒప్పించాలి. తల్లి ఏం తింటోందని అడిగే ప్రతి చోటా ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఆమె ఇవాళ ఎంతసేపు కూర్చుంది?